మూడో వరుస, ఐదో సమాధి

మా అమ్మ పేరు ఉండాల్సిన చోట లేదని నేను మొదటిసారి గమనించింది ఒక మంగళవారం మధ్యాహ్నం. నంద్యాలలో నేను వంట చేసే హాస్టల్లో పిల్లలు తిని వెళ్లిపోయారు. పెద్ద గిన్నెలు నానబెట్టి, వంటగది వెనక మెట్ల మీద కూర్చుని ఫోన్ తెరిచాను. మా ఊరి చర్చివాళ్లం అందరం కలిసి ఫోన్లలో రాస్తున్న జాబితా అది. అందులో మూడో వరుస, ఐదో సమాధి అన్న చోట ముందురోజు నేనే అమ్మ పేరు టైపు చేశాను. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. కింద నాలుగో వరుసలో, రెండో సమాధి దగ్గర, మా పిన్ని పేరును ఆనుకుని అమ్మ పేరు ఉంది.

ఎవరో మార్చారు అనుకున్నాను. ఎవరు అన్నది తేల్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ఆళ్లగడ్డకు దగ్గర్లో ఉంది మా ఊరు. చర్చికి వెనకవైపు సమాధుల దొడ్డి ఉంది. రాయి నిలబెట్టిన సమాధులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ మట్టి దిబ్బలు. వానలకు కరిగి సగం నేలలో కలిసిపోయాయి. ఈస్టరు ముందు ఎవరి దిబ్బకు వాళ్లు సున్నం కొడతారు. ఎవరూ రాని దిబ్బలకు పచ్చగడ్డే సున్నం. ఈసారి ప్రతి సమాధికీ చిన్న పేరు రాయి పెట్టాలని చర్చివాళ్లు తీర్మానించారు. ఏ దిబ్బ కింద ఎవరున్నారో తెలియాలంటే చర్చిలో వాక్యం చెప్పే పాత ఉపదేశులు రాసిపెట్టిన సమాధుల పుస్తకాలే దిక్కు. అవి మూడున్నాయి. కాగితాలు కాలిన రొట్టె రంగులోకి మారి, మూలలు పురుగు తిని ఉన్నాయి.

నంద్యాలలో ఉండే టీచరమ్మ ఆ పని మీదేసుకుంది. మా ఊరి ఆడబిడ్డే. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్లయింది. ఆమె మూడు పుస్తకాల్లోని ప్రతి పేజీకీ ఫోటో తీసి, ఫోటోలనూ ఖాళీ జాబితానూ ఒకేచోట పెట్టి, ఆ లింకు మా ఊరి నుంచి వచ్చేసినవాళ్లందరికీ పంపింది. నంద్యాల, ఆళ్లగడ్డ, గోస్పాడు, ఎక్కడెక్కడివాళ్లో తలా రెండు పేజీలు పంచుకున్నారు. ఫోటో చూడాలి, పేరూ వరుసా నంబరూ టైపు చేయాలి. ఒకరు రాసింది అందరికీ కనిపిస్తుంది. ఒకరి తప్పు ఇంకొకరు దిద్దవచ్చు.

"అదే దీంట్లో మంచి మే," అంది టీచరమ్మ.

"అదే దీంట్లో చెడు గూడా," అన్నాను నేను.

నేను అట్లా అనడానికి కారణం ఉంది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అంతకుముందు ఇదే హాస్టల్లో ఒకసారి ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నారు. పండగ సెలవు కోసమన్నారు. వేశాను. నెల తిరిగేసరికి నన్ను వంటగది నుంచి తీసి బాత్రూములు కడిగే పనిలో పెట్టారు. ఎందుకని అడిగితే ఆ కాగితమే చూపించారు. వంట చేసే ఓపిక నాకు లేదని, నా ఇష్టప్రకారమే నన్ను మార్చమని నేనే అడుక్కున్నట్టు అందులో ఉందట. కింద నా బొటనవేలు ఉంది. మళ్లీ పొయ్యి దగ్గరికి రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పటినుంచి ఒకరు రాసిన కాగితం ఏదైనా నాకు ముందు అబద్ధంగానే కనిపిస్తుంది. అబద్ధం కాదని అదే రుజువు చేసుకోవాలి.

ఆ రెండేళ్లలోనే టీచరమ్మ దగ్గర చదువుకున్నాను. చర్చి హాల్లో మధ్యాహ్నం మూడింటికి ఏడుగురం ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. టీచరమ్మకు రెండే నియమాలు. పుస్తకం తెరిస్తే పెన్సిల్ చేతిలో ఉండాలి. చదివేటప్పుడు వేలు అక్షరం కింద ఉండాలి. వేలు ముందుకు పోయి నోరు వెనకబడితే ఆమె నా వేలిని పట్టుకుని వెనక్కి లాగి పెట్టేది. ఇప్పటికీ నేను బస్సు బోర్డు చదివినా గాలిలో వేలు కదులుతుంది.

పేజీలు పంచేటప్పుడు అన్నిటికంటే కష్టమైన పేజీ నాకే ఇచ్చింది. సిరా పాకి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయిన పేజీ అది.

"ఇంతమంది డిగ్రీలోళ్లు ఉండారు గదా టీచరమ్మా. నాకేల ఇస్తాండారు?"

"సదువుకున్నోళ్లు మొదటి రెండక్షరాలు సూసి మిగిలింది ఊహించుకుంటారు. నీకు ఊహించేది రాదు. అందుకే."

అది మెప్పో, వెక్కిరింపో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ పేజీలోనే మా అమ్మ ఉంది. ఆమె పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. ముఖం గుర్తు లేదు. ఫోటో లేదు. ఊళ్లో ఏ ముసలామెను అడిగినా ఒక్కొక్కరు ఒక్కో దిబ్బ చూపించేవాళ్లు. ఉపదేశి రాసిన ఆ ఒక్క వాక్యం చదవడానికి నాకు గంట పట్టింది. అమ్మ పేరు, నాయన పేరు, తరువాత ఇట్లా ఉంది: మూడో వరుస, ఐదు. పక్కన పెనిమిటికి ఒక చోటు విడిచినాము.

మా నాయన సమాధి ఏదో అందరికీ తెలుసు. మూడో వరుసలో ఆరోది. అంటే నాయన పక్కన ఉన్నది మా అమ్మ. ఆమె గురించి నాకు ఖాయంగా తెలిసిన మొదటి సంగతి అదే. ఆ సంగతి నేను ఎవరి నోటా వినలేదు, నా వేలితో నేనే చదివాను. ఆమె పేరు ఆ రాయి మీదే పడాలి. నాకు కావలసింది అంతే.

ఇక నా చెల్లెలి సంగతి. అమ్మ పోయాక నాయన మళ్లీ చేసుకున్నాడు. నాకు ఏడేళ్లప్పుడు చెల్లెలు పుట్టింది. దానికి మూడేళ్లు నిండకముందే పిన్ని కూడా జ్వరంతో పోయింది. చెల్లెల్ని చంకనేసుకుని తిరిగింది నేనే. ఇప్పుడు అది ఆళ్లగడ్డలో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. పదో తరగతి చదివింది. ఏటా ఈస్టరు ముందు ఊరికి పోయి రెండు దిబ్బలకు సున్నం కొట్టి వస్తుంది. ఒకటి నాయనది. రెండోది నాయన పక్కది. అది వాళ్లమ్మదని దాని నమ్మకం. ఏ మేనత్తో చిన్నప్పుడు చెప్పిందట. కొన్నేళ్లు నేను కూడా వెళ్లి సున్నం బక్కెట్టు పట్టుకుని నిలబడ్డాను. లోపల గుచ్చుకునేది గానీ, కాదు అనడానికి నా దగ్గర ఏముంది? ఇప్పుడు కాగితం ఉంది. ఆ లింకు దాని ఫోన్లో కూడా ఉంది.

మంగళవారం అమ్మ పేరును మళ్లీ మూడో వరుసలో టైపు చేశాను. నాలుగో వరుసలో ఉన్నదాన్ని చెరిపేశాను. బుధవారం తెరిచి చూశాను. మూడో వరుస, ఐదో సమాధి ఎదురుగా పిన్ని పేరు ఉంది. అమ్మ పేరు రెండు వరుసల కింద ఎవరి పసిబిడ్డ పేరు మధ్యలోనో దూరి ఉంది.

మళ్లీ దిద్దాను. గురువారం పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నానికి మళ్లీ కదిలింది, మూడోసారి దిద్దాను. ఇక నాకు పని మీద మనసు లేదు. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. గంటకోసారి చేయి తుడుచుకుని ఫోన్ తెరిచేదాన్ని. మూల ఉన్న పెన్సిల్ గుర్తు నొక్కి, అమ్మ పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చూసేదాన్ని. పిన్ని పేరు మీద పెట్టి చూసేదాన్ని. పైన ఒకసారి, కింద ఒకసారి, మళ్లీ పైన ఒకసారి. దొంగ దొరకలేదు గానీ పేర్లు ఇంకా ఎక్కువ కదిలాయి. నేను చూస్తున్నానని తెలిసి కావాలనే చేస్తున్నారనిపించింది.

ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసింది. ఊరికే అన్నట్టు మొదలుపెట్టింది.

"లిస్టు అయిపోయిందా అక్కా? రాళ్లు ఎప్పుడు చెక్కుతారంట?"

ఏ రోజూ అడగని మనిషి ఆ రోజే అడిగింది. నాకు అది చాలింది.

"నీకేల అంత తొందర?"

"తొందరేముంది. అడుగుతాండా అంతే."

"లిస్టు నీ ఫోన్లో లేదా? తెరిచి సూడలేదా?"

"తెరిస్తి ఒకసారి. నీ పేజీ సూస్తి."

"సూసి?"

కుట్టు మిషన్ చప్పుడు ఆగిపోయింది. "సూసి ఏందక్కా? ఏమంటాండావ్?"

"మా అమ్మను తీసి మీ అమ్మను పెడతాండేది ఎవురో నాకు తెలీదనుకుంటాండావా? నాకు సదువు రానప్పుడు నువ్వు ఏ దిబ్బకు సున్నం కొట్టినా గమ్మున ఉంటి. ఇప్పుడు ఉండను."

చెల్లెలు మిషన్ దగ్గర్నుంచి లేచిన చప్పుడు వినపడింది. తరువాత నెమ్మదిగా అంది. "చంకనేసుకుని తిప్పినావని ఇన్నేళ్లూ నీకు ఎదురుమాట చెప్పలే. సదువు నేర్చుకుంది నన్ను ఇట్ల అడిగేదానికేనా?" ఫోన్ పెట్టేసింది.

నాకు జాలి కలగలేదు. తప్పు చేసినవాళ్లు ఇట్లాగే మాట తిప్పుతారు అనుకున్నాను. ఆ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న మనిషి కూడా నేను అడిగినప్పుడు బాధపడ్డట్టే మాట్లాడాడు.

శనివారం ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే శిల్పి దగ్గరికి పోవాలని ముందే అనుకున్నాం. మొదటి మూడు వరుసల పేర్లు ఆ రోజు రాతికి ఎక్కుతాయి. టీచరమ్మా నేనూ పొద్దున బస్సెక్కాం. జరిగిందంతా చెప్పాను. శిరివెళ్ల దాటేదాకా చెబుతూనే ఉన్నాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"అందులో ఎవురు ఏం మార్చినారో, ఎప్పుడు మార్చినారో అన్నీ రాసి ఉంటాది మే. యాడికీ పోదు."

"అయితే ఇప్పుడే సూపీండి."

"బస్సులో ఫోన్ సూస్తే నాకు తల తిరుగుతాది. ఆడికి పోయినాక సూద్దాం. అంతదాకా గమ్మునుండు."

మిగిలిన దారంతా నేను ఒకటే ఊహించుకున్నాను. అందరి ముందూ చెల్లెలి పేరు బయటపడుతుంది. అప్పుడు అది ఏమంటుందో, నేను ఏమనాలో మాటలు సిద్ధం చేసుకున్నాను.

శిల్పి షెడ్డు రోడ్డుకు ఆనుకునే ఉంది. రాతి పొడి అంతా పరుచుకుని, నడిస్తే చెప్పుల గుర్తులు పడుతున్నాయి. సగం చెక్కిన దేవుళ్లు గోడకు ఆనుకుని వరుసగా ఉన్నారు. కొందరికి ఇంకా ముఖాలు రాలేదు. చెల్లెలు అప్పటికే వచ్చి ఒక బండ మీద కూర్చుని ఉంది. పేరు రాళ్లు ఆ రోజు రాస్తారని చర్చి గ్రూపులో చూసి వచ్చిందట. నా వైపు చూడలేదు.

శిల్పి మెషిన్ ఆపి తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. పనిలో అతని పద్ధతి ముందే చెప్పాడు. మొదట ఎర్ర రంగుతో రాతి మీద పేరు రాస్తాడు. ఇంటివాళ్లు పైకి చదవాలి. చదివి సరే అన్నాకే ఉలి పెడతాడు.

"దేవుళ్లను చెక్కేటప్పుడు నాకు ఈ బాధ లేదమ్మా. నా పక్కన వాళ్లను పెట్టినావేందని ఏ దేవుడూ వచ్చి కొట్లాడడు," అన్నాడు. "సెప్పండి. మూడో వరుస, ఐదు. ఎవురు?"

నేనూ చెల్లెలూ ఒకేసారి నోరు తెరిచాం. టీచరమ్మ చేయి ఎత్తింది. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఏవేవో నొక్కింది.

"గట్టిగా సదవండి టీచరమ్మా," అన్నాను. "అందరికీ వినపడాల."

ఆమె చదివింది. సోమవారం మార్చినవాళ్ల పేరు, మంగళవారం మార్చినవాళ్ల పేరు, బుధవారం, గురువారం. గురువారమే పదకొండుసార్లు. ప్రతిసారీ వచ్చింది ఒకటే పేరు. నాది.

శిల్పి నా వైపు చూశాడు, టీచరమ్మ ఫోన్ కిందికి దించింది.

"నా పేరు పెట్టుకుని ఎవురో రాసినారు," అన్నాను. నిజంగానే నమ్మి అన్నాను. నా బొటనవేలిని నా మీదికే తిప్పినవాళ్లను చూసినదాన్ని. "మంగళవారం నుంచి నేను దిద్దింది మూడుసార్లే. మిగిలినవి నావి కావు."

టీచరమ్మ కోప్పడలేదు. "నువ్వు రోజూ ఎట్ల సదువుతావో అట్ల ఒకసారి సదివి సూపీ."

నా ఫోన్ తీశాను. జాబితా తెరిచాను. పెన్సిల్ నొక్కాను. మూడో వరుస దాకా వచ్చి అమ్మ పేరు కింద వేలు పెట్టాను. ఆ పేరు దగ్గర నా వేలు ఎప్పుడూ కాసేపు ఆగుతుంది. పేరు నీలంగా మారింది. అది కూడా రోజూ జరిగేదే. నేను చదువుతున్న మాటను ఫోన్ వెలుగు వేసి చూపిస్తోందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇంకోసారి అక్కడే వేలు ఆనించి, అక్షరాలు కూడబలుక్కుని, పిన్ని పేరుతో పోల్చడానికి వేలిని కిందికి తెచ్చాను.

చెల్లెలు నా భుజం మీదుగా వంగి చూస్తోంది.

"అక్కా. నీ ఏలితో పాటే వస్తాంది సూడు."

వేలు ఎత్తాను. అమ్మ పేరు నాలుగో వరుసలో, పిన్ని పేరు పక్కన పడి ఉంది.

"పెన్సిల్ ఏల నొక్కినావు మే?" అంది టీచరమ్మ. "రాసేటప్పుడు గదా అది నొక్కేది. ఉత్తగా సదివేదానికి అక్కర్లేదు."

"పుస్తకం తెరిస్తే పెన్సిల్ చేతిలో ఉండాలని మీరే గదా సెప్తిరి."

ముందు శిల్పి నవ్వాడు. "నయం, నా రాళ్ల మీద పేర్లు ఏలికి అంటుకుని రావు," అన్నాడు. టీచరమ్మ కూడా నవ్వు ఆపుకోలేక అద్దాలు తీసి తుడుచుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఒకరు మోసం చేస్తున్నారని నేను ఎంతసేపు వేలు పెట్టి చూస్తే అంతసేపూ మోసం చేసింది ఆ వేలే.

చెల్లెలు మాత్రం నవ్వలేదు.

"నేను ముట్టుకోలేదక్కా," అంది. "నువ్వు ఫోన్లో అట్ల అన్నాక తెరిస్తి. ఎట్లాగూ అనిపించుకుంటి గదా, నిజంగానే మారుద్దామనిపించె. పెన్సిల్ మీద ఏలు పెడితి గూడా. మళ్లీ తీసేస్తి."

ఆ మాట దాచుకున్నా నాకు తెలిసేది కాదు. ఫోన్‌కు కూడా తెలిసేది కాదు.

"ఆ పుస్తకంలో ఏముందో సదువు," అంది.

ఉపదేశి రాసిన పేజీ ఫోటో తెరిచి చదివాను. ఫోటోలో అక్షరాలు ఎంత రుద్దినా కదలవు. అమ్మ పేరు. నాయన పేరు. మూడో వరుస, ఐదు. పక్కన పెనిమిటికి ఒక చోటు విడిచినాము. చెల్లెలు మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. తరువాత పేజీలో నాలుగో వరుస, రెండు అని వాళ్లమ్మ పేరు చూపించాను. అది తనే చదువుకుంది.

"అయితే ఇన్నేళ్లూ నేను సున్నం కొట్టింది మీ అమ్మకా?"

"మా అమ్మకే."

"మా అమ్మకు ఒక్క ఏడు గూడా కొట్లే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాలుగో వరుసలో గడ్డి మోకాలెత్తు ఉంటాది. దాన్ని తొక్కుకుంటానే నాయన కాడికి పోతాంటి."

నేను నంద్యాలలో గిన్నెలు తోముకుంటూ ఉన్న ఏళ్లన్నిటిలో మా అమ్మ దిబ్బ తెల్లగా ఉన్నది దీని చేతివల్లే. ఆ మాట అనలేకపోయాను. తప్పయిందని కూడా అనలేకపోయాను.

"ఎవురి పేరు రాయాల?" అన్నాడు శిల్పి. ఈసారి నన్ను కాదు, చెల్లెల్ని అడిగాడు.

"పుస్తకంలో ఉండేదే రాయన్నా," అంది.

అతను కుంచె ముంచి నల్లరాతి మీద అమ్మ పేరు ఎర్రగా రాశాడు. నన్ను చదవమన్నాడు. వంగాను. నా వేలు దానంతట అదే మొదటి అక్షరం కిందికి పోయింది.

"ఏలు తీయమ్మా, తడి ఆరలే," అన్నాడు.

చెల్లెలు చటుక్కున నా వేలిని పట్టుకుని తన పిడికిట్లో బిగించింది. దాని చేతివేళ్లకు సూది గుచ్చుకున్న గరుకు ఉంది.

"నోటితో సదువు," అంది.

వేలు లేకుండా నేను చదివిన మొదటి మాట మా అమ్మ పేరు. మూడుసార్లు తడబడ్డాను. శిల్పి ఓపిగ్గా నిలబడ్డాడు. సరే అన్నాక ఉలి పెట్టాడు.

ఆ ఈస్టరుకు ముందు మేమిద్దరం ఊరికి పోయి మూడు దిబ్బలకు సున్నం కొట్టాం. నాలుగో వరుసలో గడ్డి పీకడానికే ఒక పూట పట్టింది. టీచరమ్మ ఇప్పుడు ఆ జాబితాను ఎవరూ మార్చడానికి వీల్లేకుండా కట్టేసింది. అయినా నేను రోజుకొకసారి తెరిచి చూస్తాను. కట్టేసిందని ఆమె చెప్పింది నిజమేనా అని. ఫోన్ మెట్టు మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని చదువుతాను. ఆదివారాలు చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ముందు అదే అడుగుతుంది.

"ఉండారా ఇద్దరూ? యాడికన్నా పోయినారా?"

"ఉండారు," అంటాను, అప్పుడే చూసి.